పై అంతస్తు బాత్రూంలో నీళ్లు సన్నగా వస్తున్నాయి, టైల్స్ పగలగొట్టాల్సిందేనా?

టవర్‌క్లాక్_సందు
మాది అనంతపురం. కిందా మీదా రెండు వాటాల ఇల్లు, కట్టి 18 ఏళ్లయింది. మీద వాటాలో మేముంటాం. ఏడాదిగా మా బాత్రూంలో కొళాయి ధార తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఇప్పుడు చిటికెన వేలంత కూడా లేదు. షవర్ తిప్పితే చినుకులే. వేడినీళ్లు ఇంకా అన్యాయం, బకెట్ నిండేలోపు పిల్లల స్కూల్ బస్సు వచ్చేస్తోంది. కింద వాటాలో మాత్రం బ్రహ్మాండంగా వస్తున్నాయి.

ప్లంబర్‌ని పిలిస్తే రెండు కొళాయిలు తిప్పి చూసి, గోడలో జీఐ (జింక్ పూత ఇనుప) పైపంతా గార పట్టింది, టైల్స్ పగలగొట్టి కొత్త లైను వేయాల్సిందే అన్నాడు. పైపులు, టైల్స్, బేల్దారి కూలీ అన్నీ కలిపి 45 వేలు చెప్పాడు. ఆ టైల్స్ డిజైన్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. పైపు రెంచి, హెక్సా బ్లేడు, డ్రిల్ మెషీన్ ఇంట్లోనే ఉన్నాయి, చిన్నా చితకా పనులు నేనే చేసుకుంటాను. పగలగొట్టక ముందు నా అంతట నేను చూసుకోగలిగినవి ఏమున్నాయి? వాడకానికి బోరు నీళ్లు, వంటకి మాత్రం మున్సిపల్ నీళ్లు.

ఉగ్గాని_బజ్జీ
కొళాయి మూతికి ఉండే జాలీ విప్పి చూశారా? మొదట అదే. చేత్తో తిరక్కపోతే పైన గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా తిప్పండి, పాలిష్ పోదు.

టవర్‌క్లాక్_సందు
విప్పినానన్నా. కాస్త ఇసుక, తెల్లటి పెంకులు వచ్చాయి. కడిగి బిగిస్తే కొంచెం మేలు, అంతే.

తుంగభద్ర_తీరం
ప్రెజర్ పంపు పెట్టించుకోండి, గొడవ వదిలిపోతుంది. ట్యాంకు దగ్గర బిగిస్తే అన్ని కొళాయిలకూ ఫోర్సుగా వస్తాయి. కర్నూల్లో మా వీధిలో కొత్తగా కట్టిన ఇళ్లలో సగానికి పైగా పెట్టించుకున్నారు. పగలగొట్టే పనే ఉండదు.

రిటైర్డ్_ఏఈ
పంపు మాట తర్వాత చూద్దాం, ముందు లెక్క చూడండి. ట్యాంకు ఎంత పెద్దదైనా ఒత్తిడి పెరగదు. నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదే లెక్క. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ ఒత్తిడి. మీ ఇంట్లో స్లాబు 10 అడుగుల ఎత్తు, దాని మీద ట్యాంకు దిమ్మె 3 అడుగులు అనుకుందాం. షవర్ నేల నుంచి 7 అడుగులు. అంటే ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య తేడా 6 అడుగులే. ట్యాంకు అడుగంటినప్పుడు 0.2 బార్ కూడా ఉండదు. కింద వాటాకి ఇంకో 10 అడుగుల ఎత్తు కలిసొస్తుంది, దాదాపు 0.3 బార్ అదనం. కాబట్టి ఒకే రకం అడ్డు ఉన్నా కింద వాళ్లకి తెలియదు, మీద వాళ్లకి తెలుస్తుంది.

అడ్డు ఎక్కడుందో తేలకుండా పంపు పెడితే 18 ఏళ్ల పాత జాయింట్ల మీద లేనిపోని భారం పడుతుంది. గోడలో ఎక్కడ చెమ్మ మొదలైనా అప్పుడు నిజంగానే పగలగొట్టాలి.

మూడు సంగతులు చెప్పండి. ఆ బాత్రూంలో బేసిన్, కమోడ్ పక్క యాంగిల్ కాక్, బకెట్ కొళాయి అన్నిట్లోనూ తక్కువేనా, ఒకదాంట్లోనేనా? మీ వంటింట్లో ఎలా ఉంది? ధార మెల్లగా తగ్గిందా, ఒక్క రోజులో పడిపోయిందా?

నాపరాయి
గాలి పట్టి ఉంటుందేమో. మాది బేతంచర్ల దగ్గర. మిద్దె మీద పైపు ఒకచోట వంపు తిరిగి పైకెక్కి మళ్లీ దిగుతుంది. ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ ఆ వంపులో గాలి చేరి బాత్రూంలో బుడబుడమని శబ్దం, నీళ్లు మాత్రం రావు. ట్యాంకు బయట లైనుకి నిలువుగా ఒక గాలి పైపు పెట్టి, దాని మూతి ట్యాంకు పైఅంచు కంటే ఎత్తులో ఉంచాం. మళ్లీ ఆ బాధ లేదు.

రిటైర్డ్_ఏఈ
నాపరాయి గారూ, మీ ఇంటికి అది సరైన మందే. గాలి పడితే మాత్రం ట్యాంకు ఖాళీ అయ్యాకనే వస్తుంది, ఆగి ఆగి చిమ్ముతుంది. ఈయన ఏడాదిగా మెల్లగా తగ్గిందంటున్నారు. అది గార లక్షణం, లేకపోతే వాల్వ్ లక్షణం.

టవర్‌క్లాక్_సందు
ఏఈ సార్, ఇప్పుడే అన్నీ తిప్పి చూసొచ్చా. బాత్రూంలో అన్ని చోట్లా తక్కువే. పక్కనే ఉన్న వంటింట్లో సింకు కొళాయి మాత్రం బాగా వస్తోంది. ట్యాంకు నుంచి ఒకటే లావు పైపు బయటికొచ్చి 4 లైన్లుగా చీలుతుంది. మిద్దె మీద ఒక్కోదానికి ఒక్కో గేట్ వాల్వ్ ఉంది. కడప్పా దిమ్మె పక్కన ఎండలో పడి ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు.

సీమక్క
అయితే సగం పని అయిపోయినట్టే తమ్ముడూ. వంటింట్లో బాగుందంటే ట్యాంకు మూతి బాగున్నట్టే, ఉమ్మడి పైపూ బాగున్నట్టే. బాత్రూం లైను విడిపోయిన చోటు నుంచి బాత్రూం దాకా మధ్యలో ఎక్కడో ఉంది. మిద్దె ఎక్కి ఆ లైను వాల్వ్ చూడు.

పెన్న_ఒడ్డు
ఇంత దూరం ఎందుకు? యాసిడ్ సీసా తెచ్చి ఆ లైనులో పోసి ఒక రాత్రి ఉంచితే గారంతా కరిగిపోతుంది. మా వైపు బాత్రూం బండలు దానితోనే కడుగుతారు.

సీమక్క
దయచేసి ఆ పని చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు కూడా. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గార అంటే ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. మన బోర్లలో కరిగి ఉండే సున్నమే వేడికీ, ఆరిపోయినప్పుడూ గట్టిపడి పెంకు కడుతుంది. యాసిడ్ పోస్తే నురగ పొంగి కరుగుతుంది, అది నిజం. కానీ ఆ యాసిడ్ గార దగ్గరే ఆగదు. జీఐ పైపు లోపలి జింక్ పూతని తినేస్తుంది, ఆ తర్వాత ఇనుమే తుప్పు పడుతుంది. ఇత్తడి ఫిట్టింగుల్లో జింక్ కూడా పోతుంది, క్రోమ్ పూత నల్లబడుతుంది. మూసి ఉన్న పైపులో గ్యాస్ పుట్టి కొళాయి తిప్పిన వాళ్ల మొహం మీదికి చిమ్మే ప్రమాదం కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ఉన్న క్లీనర్ గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకొకటి. మన కడప బండ, బేతంచర్ల నాపరాయి రెండూ సున్నపురాయి జాతివే. గారని కరిగించే యాసిడ్ బండని కూడా కరిగిస్తుంది. కడిగిన బండలు గరుకుబారి, మెరుపు పోయి, మురికి ఎక్కువ పట్టేది అందుకే. వంటింటి గట్టు మీద నిమ్మరసం పడ్డా తెల్లమచ్చ పడుతుంది, చూసే ఉంటారు.

కొళాయి జాలీలకి, షవర్ తలకి నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, విప్పిన భాగాలు అందులో ఓ గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. కిరాణా కొట్టులో దొరుకుతుంది. అది కూడా కడప బండ మీద పడకుండా చూసుకోండి.

పెన్న_ఒడ్డు
సరే అక్కా, బండల సంగతి తెలిసింది. మా ఇంట్లో గచ్చు అంత గరుగ్గా ఎందుకయిందో ఇప్పుడర్థమైంది.

రాగిసంగటి
నిమ్మ ఉప్పు మాట నిజం. మా షవర్‌కి రంధ్రాలన్నీ మూసుకుపోతే, ప్లాస్టిక్ కవర్లో ఆ నీళ్లు పోసి షవర్ తలకి రబ్బరు బ్యాండుతో కట్టేశాం. విప్పే పని కూడా లేకుండా శుభ్రమైంది.

టవర్‌క్లాక్_సందు
వాల్వ్ చూశానక్కా. బాత్రూం లైను వాల్వ్ చక్రం తిప్పుతుంటే ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంది. మూసుకోవడమూ లేదు, తెరుచుకోవడమూ లేదు, చివర పట్టుకున్నట్టు అనిపించడమూ లేదు. మిగతా మూడు వాల్వులు గట్టిగా ఉన్నాయి గానీ చివరికొచ్చాక ఆగుతున్నాయి.

రిటైర్డ్_ఏఈ
దొరికింది. గేట్ వాల్వ్ లోపల ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది, పైన చక్రానికున్న కాడ మర మీద అది ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఉప్పు నీళ్లలో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే గార పట్టి బిళ్ల ఇరుక్కుంటుంది. ఎవరో ఒకరు బలంగా తిప్పినప్పుడు కాడ మర అరిగిపోతుంది, లేకపోతే బిళ్ల ఊడిపోతుంది. ఆ తర్వాత చక్రం తిరుగుతుంది గానీ బిళ్ల సగం దారికి అడ్డంగా అక్కడే వేలాడుతుంది. మిగిలిన సందు కాస్తా గారతో పూడుకుంటూ వస్తుంది. మీకు ఏడాదిగా మెల్లగా తగ్గింది అందుకే.

ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష. వాల్వ్ తర్వాత లైనులో యూనియన్, అంటే నట్టు తిప్పి పైపుని విడదీసుకునే జాయింటు ఉంటుంది, అది విప్పండి. అక్కడ కూడా సన్నగానే వస్తే అడ్డు వాల్వ్‌లో ఉన్నట్టు, మీ గోడ జోలికి పోనక్కర్లేదు. అక్కడ ఉధృతంగా వచ్చి మీ బాత్రూంలో రాకపోతే మాత్రం నిలువు పైపులో ఉన్నట్టు. ఏ లైనైనా ఇలా మధ్యలో విప్పి చూసుకుంటూ పోతే అడ్డు ఎక్కడుందో దానంతటదే బయటపడుతుంది.

ఉగ్గాని_బజ్జీ
యూనియన్ విప్పేటప్పుడు రెండు రెంచీలు ఉండాలి. ఇది చాలా ముఖ్యం. ఒక రెంచితో కింది వైపు పైపుని కదలకుండా పట్టుకుని, రెండో దానితో యూనియన్ నట్టు తిప్పాలి. ఒక్క రెంచితో బలవంతంగా తిప్పితే ఆ మెలి గోడలో ఉన్న ఎల్బో దాకా పోతుంది. పైన పని బాగానే అయినట్టు ఉంటుంది, రెండు వారాలకి గోడలో చెమ్మ కనపడుతుంది.

తుప్పు పట్టి కదలకపోతే ముందు రోజు సాయంత్రమే కిరోసిన్ గానీ డీజిల్ గానీ నాలుగు చుక్కలు వేసి గుడ్డ చుట్టి వదిలేయండి. పొద్దున మెత్తబడి ఉంటుంది. అప్పటికీ రాకపోతే పక్కనున్న చిన్న ముక్క పైపుని హెక్సాతో కోసేసి కొత్త నిపుల్ వేసుకోవడమే.

కడపకారం
ఉగ్గాని అన్నా, మీ పేరు చూసినప్పుడల్లా ఆకలేస్తోంది. పని చెప్పేటప్పుడైనా పేరు మార్చుకోండి.

ఉగ్గాని_బజ్జీ
గుంతకల్లు రండి తమ్ముడూ, పేరు కాదు ప్లేటే పెడతా.

తుంగభద్ర_తీరం
వాల్వ్ మార్చినా 0.2 బార్‌తో షవర్ బాగా రాదు. ఏఈ గారి లెక్కే చెబుతోంది. ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా పంపు పెట్టాలి. నా మాట మీద నేనున్నా.

రిటైర్డ్_ఏఈ
పెద్ద పెద్ద వానజల్లు షవర్లకి సరిపోదన్నది నిజమే, ఒప్పుకుంటాను. మామూలు షవర్‌కి, బకెట్‌కి సరిపోతుంది. ఆ ఇల్లు కట్టిన కొత్తలో బాగానే వచ్చిందిగా. దిమ్మె పెంచే మాటైతే ఒకటి గుర్తుంచుకోండి, 1000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను బరువు. స్లాబు మధ్యలో ఇటుకలు పేర్చి ఎత్తడం కాదు, కింద గోడో దూలమో ఉన్న చోటే పెట్టాలి.

సీమక్క
పంపు పెట్టుకునేవాళ్లు గీజర్ మీద ఎన్ని బార్లు రాసి ఉందో కూడా చూసుకోండి. గీజర్‌కి ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని డమ్మీ బిగించి మూసేసిన ఇళ్లు చూశాను. అది ఒత్తిడి ఎక్కువైతే వదిలేయడానికే ఉంది. దాన్ని మూస్తే గీజర్ పగిలిపోయే అవకాశం ఉంది. చుక్కలు పడితే అక్కడికి చిన్న గొట్టం తగిలించి డ్రైన్‌లోకి వదలండి, వాల్వ్ పాడైతే కొత్తది వేయించండి.

టవర్‌క్లాక్_సందు
రేపు ఆదివారం. వాల్వ్ తెచ్చుకుంటే పొద్దున్నే పని మొదలుపెడతా. మళ్లీ గేట్ వాల్వే వేయాలా?

ఉగ్గాని_బజ్జీ
వద్దు, బాల్ వాల్వ్ వేయండి, ఇత్తడిది. పావు వంతు తిప్పితే తెరుచుకుంటుంది, పావు వంతుతో మూసుకుంటుంది. కొనేటప్పుడు లోపలికి చూడండి, బాల్ రంధ్రం పైపంత వెడల్పు ఉండాలి. చవక రకాల్లో రంధ్రం సన్నగా ఉంటుంది, అలాంటిది వేస్తే మళ్లీ ఒత్తిడి తగ్గుతుంది. పాత సైజు చూసుకుని వెళ్లండి, ముప్పావు ఇంచో ఒక ఇంచో. ఒక్కటే కాదు, నాలుగూ మార్చేస్తే ట్యాంకు ఒకసారి ఖాళీ చేసిన పనితో పోతుంది.

టెఫ్లాన్ టేపు మర వైపు నుంచి చూస్తే గడియారం తిరిగే వైపుకే చుట్టాలి, బిగువుగా లాగి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి వస్తుంది. పాత జీఐ మర అరిగి ఉంటే టేపు ఎక్కువ చుట్లు వేయాలి. ముసలి ప్లంబర్లు సఫేదా, దారం వాడేవాళ్లు. అది ఇప్పటికీ మంచిదే గానీ చెయ్యి తిరిగి ఉండాలి.

సీమక్క
పొద్దున 9 లోపు ముగించు తమ్ముడూ. మే నెలలో అనంతపురం మిద్దె మీద 10 దాటాక రెంచి పట్టుకోలేవు. ట్యాంకు నీళ్లు వదిలేయకుండా ముందు రోజు రాత్రి మోటారు వేయడం ఆపు, బట్టలుతకడానికి, మొక్కలకి వాడేస్తే పొద్దునకి అడుగంటుతుంది. మన ఊళ్లో టన్ను నీళ్లు డ్రైనేజీలో కలపడానికి చెయ్యి రాదు.

నాపరాయి
చక్కటి మాట అక్కా.

టవర్‌క్లాక్_సందు
అయింది. యూనియన్ విప్పగానే తెలిసింది, అక్కడ కూడా సన్న ధారే. అంటే వాల్వ్‌లోనే. ఉగ్గాని అన్న చెప్పినట్టు రాత్రి డీజిల్ గుడ్డ చుట్టడం వల్ల యూనియన్ సులువుగా వచ్చింది. మా బావమరిది కింది రెంచి పట్టుకున్నాడు, నేను తిప్పాను.

పాత వాల్వ్ విప్పి లోపల చూస్తే బిళ్ల కాడ నుంచి ఊడి సగానికి పైగా కిందికి జారి ఉంది. దాని చుట్టూ తెల్లగా, గోధుమ రంగు పొరలు పొరలుగా గార. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గుడ్డు పెంకులా పలుకులు పలుకులుగా ఊడుతోంది. వాల్వ్ పక్కనున్న నిపుల్లో చిటికెన వేలు కూడా పట్టలేదు, దాన్నీ మార్చేశాను. నాలుగు బాల్ వాల్వులు, రెండు నిపుల్స్, టేపు అన్నీ కలిపి ప్లంబర్ చెప్పిన దానిలో పదో వంతు కూడా కాలేదు.

చన్నీళ్ల వైపు ఇప్పుడు బకెట్ కొళాయి ధార కట్టి వస్తోంది. షవర్ కూడా మామూలుగా ఉంది. మా ఆవిడ రెండుసార్లు తిప్పి చూసుకుంది. వేడినీళ్లు మాత్రం ఇంకా సన్నగానే ఉన్నాయి.

కడపకారం
సూపర్ అన్నా!! 45 వేలు మిగిలినాయి.

రిటైర్డ్_ఏఈ
బాగుంది. ఆ ప్లంబర్‌ని కూడా తప్పు పట్టొద్దు, గోడలో పైపు నిజంగానే కొంత గార పట్టి ఉండొచ్చు. ఇంకో ఐదేళ్లో పదేళ్లో నడుస్తుంది. ఎప్పుడైనా బాత్రూం మొత్తం మార్చే రోజున సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేసుకోండి. కొత్త బాల్ వాల్వులు నెలకో రెండు నెలలకో ఒకసారి మూసి తెరవండి, కదపకుండా వదిలేస్తే అవి కూడా పట్టేస్తాయి.

వేడినీళ్ల సంగతి. గీజర్‌కి నీళ్లు వెళ్లే అల్లిక గొట్టం విప్పి చూడండి. అక్కడ సేఫ్టీ వాల్వ్ మూతి సన్నగా ఉంటుంది, గార మొదట పట్టేది అక్కడే. ఆ గొట్టం వాషర్లలో జాలీ ఉంటే అది కూడా చూడండి. ముట్టుకునే ముందు స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, ఎంసీబీ దించండి. నీళ్లు చల్లబడే దాకా ఆగండి.

రాగిసంగటి
గీజర్ మూత విప్పి లోపల ఎలిమెంట్ కూడా శుభ్రం చేసుకోవచ్చా సార్? మా గీజర్ వేడెక్కేటప్పుడు టపటపమని శబ్దం చేస్తోంది.

రిటైర్డ్_ఏఈ
ఆ శబ్దం ఎలిమెంట్ మీద గారదే. గార కింద నీళ్లు ఆవిరై పగులుతుంటాయి. అది కరెంటు పని కూడా కాబట్టి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో తెలియని ఇంట్లో మూత విప్పొద్దు, మెకానిక్‌ని పిలవండి. పిలిచినప్పుడు మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా అది అరిగిపోతుంది, ఉప్పు నీళ్లలో తొందరగా. అరిగిన కడ్డీ మార్చడం చిన్న ఖర్చే, వదిలేస్తే ట్యాంకే కారుతుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే అన్నిటికంటే ముందు అది పెట్టించుకోండి.

సీమక్క
టెంపరేచర్ తిప్పుడు 75 దగ్గర పెట్టి చన్నీళ్లు కలుపుకునే అలవాటు చాలామందికి ఉంది. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత ఎక్కువ విడిపోయి ఎలిమెంట్‌కి పడుతుంది. 50, 55 దగ్గర పెట్టుకుంటే గారా తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది.

పెన్న_ఒడ్డు
టీడీఎస్ మీటర్ కొని చూశాను, మా బోరు 1400 చూపిస్తోంది. సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే తాగొచ్చా?

సీమక్క
వద్దు. టీడీఎస్ (కరిగిన లవణాలన్నీ కలిపి) వేరు, కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం) వేరు, ఫ్లోరైడ్ వేరు. టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, టీడీఎస్ పెద్దగా తగ్గదు, ఫ్లోరైడ్ అసలు పోదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. అందులో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. కాఠిన్యం 200, వేరే దారి లేకపోతే 600. మన జిల్లాల్లో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా అమ్మవాళ్ల ఊళ్లో పెద్దవాళ్ల పళ్ల మీద ఆ గోధుమ రంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. 1990ల మధ్యలో సత్యసాయి నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకి అవి లేవు. కాబట్టి బోరు నీళ్లు తాగే ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. సాఫ్ట్‌నర్ గీజర్‌కి, వాషింగ్ మెషీన్‌కి మంచిది.

పెన్న_ఒడ్డు
ల్యాబ్‌కి ఇస్తాను అక్కా. పిల్లలున్న ఇల్లు.

నాపరాయి
లైను గోడలో దాచడం గురించి ఒక మాట. మా పాత ఇల్లు రాతి గోడలది, గాడి కొట్టే పనే కుదరదు. అందుకని బాత్రూం లైను మొత్తం గోడ బయట క్లాంపులతో వేసుకున్నాం. చూడ్డానికి అందంగా లేదని చుట్టాలు అన్నారు. కానీ ఎక్కడ కారినా కంటికి కనపడుతుంది, అరగంటలో ముక్క కోసి కప్లర్ వేసుకుంటున్నాం. ఎండ తగిలే చోట యూపీవీసీకి లేత రంగు పెయింటు వేయాలి, లేకపోతే కొన్నేళ్లకి పెళుసుబారి చెయ్యి తగిలినా విరుగుతుంది.

తుంగభద్ర_తీరం
కొత్త ఇంట్లో బయట పైపులు ఎవరు ఒప్పుకుంటారండీ? మా ఇంట్లో అయితే గొడవే.

నాపరాయి
ఇంటి వెనక గోడ మీద వేయండి, ఎవరికి కనపడుతుంది? కనీసం గోడలో దాచే ముందు ప్రతి గోడకీ టేపు పట్టి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత అద్దం బిగించడానికి డ్రిల్ పెట్టినప్పుడు పైపు ఎక్కడుందో తెలుస్తుంది. సీపీవీసీకి సీపీవీసీ సొల్యూషనే వాడమనండి. మామూలు పీవీసీ గమ్ పూస్తే వేడినీళ్ల జాయింట్ నిలవదు.

కడపకారం
నాదొకటి. వేసవి సెలవులకి ఊరెళ్లి తాళం తీస్తే బాత్రూంలో భరించలేని వాసన. పైపు ఎక్కడైనా పగిలిందంటారా?

ఉగ్గాని_బజ్జీ
పగిలుండదు. నేల మీది నహాని ట్రాప్‌లో నిలిచే నీళ్లు ఎండకి ఆరిపోయి ఉంటాయి. ఆ నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపేది. రెండు మగ్గులు నీళ్లు పోయండి, గంటలో తగ్గుతుంది. ఈసారి ఊరెళ్లే ముందు నీళ్లు పోసి పైన ఒక చెంచా వంటనూనె వేయండి, పైన తేలి నీళ్లు తొందరగా ఆరనివ్వదు. నీళ్లు పోసినా వాసన వస్తే ట్రాప్ లోపలి గిన్నె ఎవరో తీసేసి ఉంటారు, జాలీ ఎత్తి చూడండి.

కడపకారం
జాలీ ఎత్తి చూశా. గిన్నె లేదు!! జుట్టు అడ్డం పడుతోందని పనమ్మాయి తీసి కిటికీలో పెట్టిందట.

టవర్‌క్లాక్_సందు
ఏఈ సార్, గీజర్ గొట్టం విప్పాను, మీరన్నట్టే సేఫ్టీ వాల్వ్ మూతి సగం పూడుకుంది. పాతది పొడవకుండా అదే సైజు, అదే బార్ ఉన్న కొత్తది తెచ్చి వేశాను. వేడినీళ్లు కూడా ఇప్పుడు బకెట్‌లోకి బాగా దూకుతున్నాయి. కింద వాటా వాళ్లు వాళ్ల కమోడ్ ట్యాంకు రాత్రంతా సన్నగా శబ్దం చేస్తోందని చెప్పారు, అది కూడా నన్నే చూడమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సీమక్క
ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేసి అరగంట ఎవరూ వాడకుండా ఉంచు. కమోడ్ గిన్నెలోకి నీలం దిగితే అడుగు రబ్బరు పోయినట్టు. దిగకుండా ట్యాంకు నీళ్లు పైగొట్టం అంచు దాకా వస్తుంటే ఫ్లోట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు, దాని కాడ స్క్రూ తిప్పి నీటిమట్టం ఒక అంగుళం దించు. రెండూ చవకే, రబ్బరు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లు, కంపెనీకి ఒక సైజు ఉంటుంది.